బాలింత గదిలో బీరు ఫ్రిజ్

మా ఆయన ఇంట్లో బీరు చేసేవాడు. ఇప్పుడీ మాట చెబితే ఎవరూ కళ్ళు పెద్దవి చేయరు. బెంగళూరులో అక్కడే కాచి అక్కడే పోసే హోటళ్ళు వీధికొకటి వెలిశాయి, కుటుంబాలతో వెళ్ళి కూర్చుంటున్నారు. నేను చెప్పేది రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. అప్పట్లో మేముండే బెంగళూరు శివారు బొమ్మసంద్రలో ఒకడు ఇంట్లో బీరు చేస్తున్నాడంటే, వాడికీ సారా కాచేవాడికీ ఎవరూ తేడా చూసేవాళ్ళు కాదు. పోలీసులు అసలే చూడరు. అందుకని దాచాం. ఎంత బాగా దాచామంటే, నా కూతురికి పురిటి మైల తీరకముందే ప్రాణం మీదికి వచ్చింది.

ముందు ఆ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. మా ఆయన ఫ్యాక్టరీలో యంత్రాల మరమ్మతు చూసేవాడు. ఆయనతో పనిచేసే ఒక స్నేహితుణ్ణి కంపెనీవాళ్ళు కొత్త మెషిన్ నేర్చుకురమ్మని జర్మనీ పంపారు. ఆ మహానుభావుడు మెషిన్ ఎంత నేర్చుకున్నాడో తెలియదు గానీ, బీరు చేయడం మాత్రం శ్రద్ధగా నేర్చుకుని వచ్చాడు. పెట్టె అడుగున బట్టల మధ్య బీరుకు చేదునిచ్చే హాప్స్ పూల పొట్లాలు, ఈస్టు పాకెట్లు పెట్టుకొచ్చాడు. ఇక ఆదివారం వచ్చిందంటే ఇద్దరూ మా పెరట్లో పొయ్యి పెట్టి, పెళ్ళిళ్ళలో అన్నం వండే గిన్నె ఒకటి ఎక్కించి, చుట్టూ ప్రదక్షిణాలు చేసేవాళ్ళు.

బార్లీని మొలకెత్తించాలి, ఎండబెట్టాలి, వేయించాలి అని పుస్తకం ముందేసుకుని వాళ్ళు తలలు పట్టుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. మాది హిందూపురం పక్క. రాగులు నానేసి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి పిండి చేయడం మా ఇళ్ళల్లో ఎవరూ పనిగట్టుకుని నేర్పరు. మూట విప్పి చూసి ఇంక చాలు అని నేనంటేనే వాళ్ళు ఆపేవాళ్ళు. జర్మనీ విద్య అంటూ ఎగిరేవాళ్ళు గానీ, అందులో సగం మా అమ్మ దగ్గర నుంచి వచ్చిందే. మొదటిసారి చేసింది నోట్లో పోసుకుంటే వేపాకు కషాయమే నయమనిపించింది. వాళ్ళిద్దరూ మాత్రం అమృతం తాగినంత గంభీరంగా తాగారు.

అంతలో నాకు నెల తప్పింది. నెలలు నిండేకొద్దీ కాళ్ళు నీరు పట్టాయి, బార్లీ నీళ్ళు తాగమని డాక్టరమ్మ చెప్పింది. మా ఆయనకు అంతకన్నా ఏం కావాలి? నా పేరు చెప్పి అంగట్లో మూటలకు మూటలు కొన్నాడు. అంగడాయన కవల పిల్లలా అని అడిగాడట. ఆ మాట ఇంటికొచ్చి చెప్పి పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

చేసిన బీరు సీసాల్లో పోసి పెడితే ఒక ఎండాకాలం మధ్యాహ్నం వరసగా పేలాయి. గాజు పెంకులు తలుపు చెక్కలో దిగబడ్డాయి. ఎవరూ ఇంట్లో లేరు కాబట్టి సరిపోయింది. అప్పుడైనా బుద్ధి రావాలి కదా. రాలేదు సరికదా, సీసాలు వద్దు కెగరేటర్ చేద్దాం అన్నారు. ఆ పేరు నేను అప్పుడే మొదటిసారి విన్నాను. పాతసామాను అంగట్లో ఒంటి తలుపు ఫ్రిజ్ ఒకటి తెచ్చి, లోపలి అరలు పీకేసి, కూల్‌డ్రింకు కంపెనీలు వాడి పారేసిన స్టీలు పీపా ఒకటి దాంట్లో నిలబెట్టారు. ఫ్రిజ్ వెనకవైపు కన్నం పొడిచి, అందులోంచి ట్యూబు దూర్చి బయట ఉన్న గ్యాసు సిలిండర్‌కు కలిపారు. సోడాలో కలిపే గ్యాసే అది. జిగణి దారిలో సోడా తయారుచేసేవాళ్ళ దగ్గర సిలిండర్ తెచ్చారు. ఫ్రిజ్ తలుపుకు బయట కుళాయి బిగించారు. సిలిండర్ తిప్పి రోజుల తరబడి అలా వదిలేస్తే గ్యాసు మెల్లగా బీరులోకి ఎక్కుతుంది, ఆ తర్వాత కుళాయి తిప్పితే నురుగుతో చల్లటి బీరు. మొదటి గ్లాసు పట్టిన రోజు మా ఆయన ముఖం చూడాలి. మా పెళ్ళిలో కూడా అంత వెలగలేదు.

ఆ ఫ్రిజ్ పెట్టింది మగ్గాల గదిలో. మేం అద్దెకున్న ఇల్లు పూర్వం ఆనేకల్ వైపు నేతగాళ్ళది. వెనకవైపు గదిలో గుంత మగ్గాలు ఉండేవట. గుంతలు పూడ్చారు గానీ, గది మాత్రం హాలు కన్నా రెండు మెట్లు కిందికే ఉండిపోయింది. ఒక్కటే చిన్న కిటికీ. ఈ గ్యాసు గాలి కన్నా బరువు, కింద చేరుతుంది, గది మూసిపెట్టకూడదు అని మా ఆయనకు బాగా తెలుసు. తెలిసే ఆ కిటికీ రెక్కలు ఊడబెరికి పెట్టాడు. తలుపెప్పుడూ తెరిచే ఉంచేవాడు. అన్నీ తెలిసిన మనిషి ఇంట్లోనే ఇది జరిగింది.

నేను కాన్పుకు పుట్టింటికి వెళ్ళాల్సింది. బీపీ ఎక్కువగా ఉంది, ప్రయాణం వద్దన్నారు. అందుకని అమ్మే వస్తానంది. జర్మనీ స్నేహితుడికి అప్పటికే పూణే బదిలీ అయింది. అమ్మ వచ్చేలోపు ఆ సరంజామా ఎక్కడికైనా పంపించమని నేను నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. రేపు, ఎల్లుండి అంటూ ఉండగానే నొప్పులు ముందే వచ్చేశాయి. ఆ పొద్దున్నే ఆయన కొత్త పీపాకు గ్యాసు తిప్పి పెట్టాడు. ఆ కంగారులో కట్టేయడం మరిచిపోయాడు.

అమ్మ ఆస్పత్రికే వచ్చింది. నన్ను చూసి, పాపను చూసి, మాకంటే ముందు ఇంటికి వెళ్ళి బాలింత గది సిద్ధం చేస్తానంది. ఏ గది అంటే ఇంకేముంది, వెనకాల గదే. హాల్లో అల్లుడు తిరుగుతూ ఉంటాడు, ముందు గదిలో రోడ్డు దుమ్ము, వచ్చేపోయేవాళ్ళ కళ్ళు. వెనక గది అయితే గాలి రాదు, వెచ్చగా ఉంటుంది. మా వైపు బాలింతకు గాలి తగలకూడదు. చెవులకు గుడ్డ కట్టి, తలుపులు మూసి, సాంబ్రాణి పొగ వేసి, దీపం కొండెక్కకుండా చూసుకుంటూ పురుడు గడుపుతారు. అమ్మ పక్కింటావిడను పిలిచి, ఇద్దరూ కలిసి మంచానికి చోటు కోసం ఆ ఫ్రిజ్‌ను గోడకు నెట్టేశారు. వెనక ట్యూబు నలిగి, అతుకు దగ్గర వదులైన సంగతి వాళ్ళకెలా తెలుస్తుంది? కిటికీకి అమ్మ గోనెసంచి కొట్టేసింది. సిలిండర్ మీద మా ఆయన ముందే దుప్పటి కప్పి పెట్టాడు, దాని జోలికి ఎవరూ పోలేదు.

నేను ఇంటికొచ్చి ఆ గదిలో దిగగానే ఆ ఫ్రిజ్ ఇంకా అక్కడే కనిపించింది. మా ఆయన వైపు చూశాను. ఆయన గడప అవతలే నిలబడి నీళ్ళు నమిలాడు. పురిటి గదిలోకి మైల తీరేదాకా మగవాళ్ళు రాకూడదు. కుళాయి ఉన్న ఫ్రిజ్ ఏమిటని అమ్మ అడిగితే, సోడా మిషను, ఆయన స్నేహితుడిది అని చెప్పాను. అమ్మ ఊ అంది. ఇంకొక్క ప్రశ్న వేయలేదు. చింతపండు కొన్నా నాలుగు అంగళ్ళు తిరిగి వాసన చూసి కొనే మనిషి, ఇంత తేలిగ్గా నమ్మడం నాకు వింతగానే తోచింది. మా ఆయనేమో, పీపా గట్టిగా బిగించి ఉంది, గ్యాసు తిప్పి ఉన్నా లోపలే ఉంటుంది, ఇప్పుడు దాని సంగతి ఎత్తితే అత్త ముందు బయటపడాలి అని ఊరుకున్నాడు. ఫ్రిజ్ జరిపిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన నిలబడే గడప దగ్గర నుంచి చూస్తే అది మామూలుగానే కనిపించేది.

నాకు మంచం. పాపకు నేల. మా ఇళ్ళల్లో తొట్టిల్లో వేసే శుభకార్యం అయ్యేదాకా బిడ్డను చాటలో పాత మెత్తటి గుడ్డలు పరిచి, కిందే పడుకోబెడతారు. చాట పక్కన దీపం.

ఆ దీపం నిలవలేదు. అమ్మ అగ్గిపుల్ల గీసి వెలిగిస్తే చక్కగా వెలిగేది. కాసేపటికి చిన్నదయ్యేది, నీలంగా అయ్యేది, పోయేది. గాలి లేదు, నూనె ఉంది, ఒత్తి ఉంది. అమ్మ దాన్ని తీసుకుని నిలబడి వెలిగించి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని వంగి కింద పెట్టేది. మళ్ళీ పోయేది. సాంబ్రాణి కుంపట్లో నిప్పులు కూడా బయట ఎర్రగా ఉండి, లోపలికి తెచ్చి కింద పెట్టేసరికి నల్లబడేవి. అమ్మ పెదవులు కదుపుతూ ఏదో మొక్కుకునేది. పైకి మాత్రం ఒకటే మాట అంది.

"గాలి యాడినుంచో దూరతా ఉండాది."

తన పాత చీరలు తెచ్చి తలుపు కింద సందులో కుక్కింది. ఒకటి చాలదని ఇంకొకటి. కిటికీ గోనెసంచి మీద ఇంకొక సంచి కొట్టింది. గది మసక చీకటైంది. ఫ్రిజ్ మోటరు ఆగినప్పుడల్లా ఎక్కడో ఉస్ మని సన్నగా వినిపించేది. బల్లి అనుకున్నాను, ఎలుక అనుకున్నాను, చెవులకు కట్టిన గుడ్డ రాపిడి అనుకున్నాను. చివరికి వినడం మానేశాను.

నాకు తల పగిలిపోయేది. పాలివ్వడానికి పాప కోసం కిందికి వంగితే కళ్ళు బైర్లు కమ్మేవి, గుండె దడదడలాడేది. బాలింతరాలికి తలనొప్పి మామూలేనని అమ్మ మిరియాల కషాయం ఇచ్చేది. కింద కూర్చుని పాపకు నూనె రాసి లేచేసరికి ఆమెకూ తల తిరిగేది, బీపీ పెరిగిందేమో అనుకునేది. బయటికి వెళ్ళి పెరట్లో కాసేపు కూర్చుంటే తగ్గిపోయేది. నేను బయటికి వెళ్ళకూడదు కదా.

పాప ఏడవలేదు. పుట్టిన రోజు ఆస్పత్రి కప్పు ఎగిరిపోయేలా ఏడ్చిన పిల్ల, ఇంటికొచ్చాక రోజురోజుకీ మెత్తబడిపోయింది. ఆకలికి లేవదు, తడిసినా లేవదు. గబగబా ఊపిరి తీసుకుంటూ పడుకునే ఉంటుంది. చూడటానికి వచ్చిన ఆడవాళ్ళంతా ఎంత బుద్ధిమంతురాలు, తల్లిని సతాయించదు అని మెటికలు విరిచారు. పక్కింటావిడ తన కొడుకు రాత్రంతా ఏడ్చి ఎలా ప్రాణం తీశాడో చెప్పి, నా అదృష్టానికి కుళ్ళుకుంది. మా ఆయన గడప దగ్గర నిలబడి తొంగిచూసి, నిద్రపోతా ఉండాది, లేపద్దండి అని మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళేవాడు. రెండు మెట్ల పైన ఆయన నిలబడిన చోట గాలి బాగానే ఉండేది. నాకు మాత్రం ఆ నిద్ర నచ్చలేదు. పసిబిడ్డ ఏడవకపోతే ఎందుకు సంతోషించాలి? ఆ మాట అమ్మతో అంటే, ఎవరి దిష్టో తగలక ముందు నీ దిష్టే తగిలేట్టుందని కసిరింది.

ఒక మధ్యాహ్నం అమ్మ నన్ను పడుకోమని, తలుపు బిగించి, చీరలు బయటినుంచి కుక్కి స్నానానికి వెళ్ళింది. మా ఆయన పొద్దుటి షిఫ్టు ముగించుకుని వచ్చి హాల్లో ఉన్నాడు. నాకు మెలకువ వచ్చేసరికి దీపం లేదు. అది మామూలే. చాట వైపు చెయ్యి జార్చి పాప కాలు పట్టుకున్నాను. కదల్లేదు. బుగ్గ తట్టాను. మంచం మీదినుంచి కిందికి దిగి ముఖం దగ్గరగా పెట్టి చూస్తే, పెదవుల చుట్టూ నీలం రంగు కనిపించింది. ఎత్తుకోబోయాను. నా చేతులు నా మాట వినలేదు. రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టయి, నేను కూడా అక్కడే చాట పక్కన ఒరిగిపోయాను.

అరిచాను అనుకున్నాను. అరుపు రాలేదు. పక్కనున్న ఇత్తడి చెంబు తీసి నేలకేసి కొట్టాను. మళ్ళీ కొట్టాను. హాల్లో కుర్చీ జరిగిన చప్పుడైంది. మా ఆయన తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏమి కావల్ల? అత్త స్నానం చేస్తా ఉండాది. పిలవల్లా?"

నా ప్రాణం పోతున్నా ఆ క్షణంలో నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. తలుపుకు అటువైపు తండ్రి, ఇటువైపు బిడ్డ, మధ్యలో పురుడు. ఆయన అడుగులు పెరటి వైపు మళ్ళడం విన్నాను. నిజంగానే అత్తను పిలవడానికి బయల్దేరాడు.

"పాప లేస్తా లేదు," అన్నాను. ఎంత గొంతుతో అన్నానో నాకు తెలియదు. "నువ్వు రా."

ఆయన తలుపు తోశాడు. చీరలకు అడ్డుపడి అది బిగుసుకుంది. భుజంతో గుద్దితే తెరుచుకుంది. రెండు మెట్లు దూకి చాట ముందు మోకాళ్ళ మీద కూలబడి వంగాడు. సోడా తాగి తేన్చినప్పుడు ముక్కులో పొడుస్తుందే, అలా పొడిచిందట. అప్పుడు వెలిగింది ఆయనకు. పాపను చాటతో సహా ఎత్తుకుని మెట్లెక్కి, హాలు దాటి, వీధిలోకి పరిగెత్తాడు. తడిబట్టలతోనే అమ్మ వచ్చి నన్ను చంకల కింద చేతులేసి మెట్ల మీదికి ఈడ్చింది. వీధిలో చప్పుడు లేదు. నేను గడప మీద బోర్లా పడి ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాను. చాలాసేపటికి ఒక చిన్న కీచు వినిపించింది. పిల్లి కూన గొంతంత కూడా లేదు.

ఆస్పత్రిలో పాపకు ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రం దాకా మమ్మల్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. అక్కడ మా ఆయన అంతా చెప్పేశాడు. నాకు చెబుతున్నట్టుగా నా వైపు తిరిగి చెప్పాడు, అమ్మ వినాలని. ఫ్రిజ్ సంగతి, గ్యాసు సంగతి, అది నేలబారున చేరి ఊపిరి ఆడకుండా చేసే సంగతి. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. మా అమ్మ పెళ్ళయిన నాటినుంచీ అల్లుడితో నేరుగా మాట్లాడి ఎరగదు. ఏం కావాలన్నా తలుపు చాటునుంచి, నన్ను మధ్యలో పెట్టుకుని అడిగేది. ఆ రోజు మొదటిసారి ఆయన ముఖంలోకి చూసి మాట్లాడింది.

"అది సోడా కాదని నాకు వచ్చిన దినమే తెలుసప్పా. మా నాయన సారా కాచినోడు. ఆ వాసనలో పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలీదా? బిడ్డను చూసేదానికి వచ్చినోళ్ళ ముక్కులకు తగిలితే అల్లుడి మర్యాద పోతాదని, ఉండే చీరలన్నీ తెచ్చి ఆ సందులో కుక్కినా."

గాలి కోసం కాదు, దీపం కోసం కాదు. అల్లుడి పరువు కోసమే అమ్మ ఆ తలుపు అంత బిగించింది. ఆయన ఆమె ముందు పరువు పోతుందని నోరు మెదపలేదు. ఆమె ఆయన పరువు పోతుందని నోరు మెదపలేదు. ఇద్దరి మర్యాదా కలిసి నా బిడ్డను నేల మీద పడుకోబెట్టింది. నాకు ఇద్దరినీ చెంపలు వాయించాలనిపించింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, "కింద పెట్టింది నేనే గదా," అని ఇంకొక మాట అంది.

మరుసటి రోజు పాపను ఇంటికి పంపారు. ఇప్పటికి గండం గడిచింది, ముందు ముందు ఎలా ఉంటుందో పెరిగేకొద్దీ చూడాలి అన్నాడు డాక్టరు. మెడ ఎప్పుడు నిలుపుతుందో, ఎప్పుడు నవ్వుతుందో, మాటలు వేళకు వస్తాయో లేదో గమనించమన్నాడు. ఎక్కువసేపు నిద్రపోతే అరికాలు తట్టి లేపి పాలివ్వమన్నాడు. మేం వచ్చేసరికి మా ఆయన ముందే వెళ్ళి మగ్గాల గది ఖాళీ చేసి, తలుపు రెక్కలు కూడా ఊడదీసి గోడకు ఆనించి పెట్టాడు. హాల్లో నా మంచం వేశారు, కిటికీలన్నీ తీసి ఉన్నాయి. పురుడు, మైల, గాలి అని ఎవరూ ఒక్క మాట ఎత్తలేదు. మా ఆయన మంచం కాళ్ళ దగ్గర కూర్చున్నాడు, అమ్మ తలవైపు కూర్చుంది.

పాప కడుపునిండా పాలు తాగింది. ఏడ్చింది, గట్టిగానే ఏడ్చింది. మేం ముగ్గురం ఊరుకోబెట్టలేదు, ఆ ఏడుపు వింటూ కూర్చున్నాం. తర్వాత ఏ పసిబిడ్డయినా నిద్రపోయినట్టే నిద్రపోయింది. ఊపిరి సమంగా ఆడుతోంది, పెదవులు ఎర్రగా ఉన్నాయి. అన్నీ బాగానే ఉన్నాయని నా కళ్ళకు తెలుస్తూనే ఉంది. అయినా నా వల్ల కాలేదు. అరికాలు తట్టాను. కదిలి మళ్ళీ నిద్రలోకి జారింది. ఈసారి తొడ మీద గిల్లాను. ఉలిక్కిపడి కెవ్వుమంది. ఏడ్చి ఏడ్చి అలిసి మళ్ళీ కళ్ళు మూసింది. నేను మళ్ళీ గిల్లాను. మా ఆయన వద్దని చెయ్యి అడ్డం పెట్టబోయి, పెట్టలేక వెనక్కి తీసుకున్నాడు. పసిపిల్ల దగ్గర గొంతు పెంచితేనే నన్ను తిట్టే అమ్మ నా చేతి వైపు చూస్తూ ఉండిపోయింది. ఏడుపు ఇంకోసారి సన్నగిల్లి ఆగింది. నా చెయ్యి కదిలేలోపే అమ్మ చెయ్యి వచ్చి ఆ కాలిని గిల్లింది.